1962 బీటిల్‌కు వెనుక 235 టైర్లు ఎక్కించొచ్చా?

పానగల్ బీటిల్, నల్లగొండ:

అందరికీ నమస్తే. మా దగ్గర 1962 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది. 1200 సీసీ, 6 వోల్టుల బండి. మా పెదనాన్నకు మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిచే రోజుల్లో కొన్నది. ఆయన పోయాక చాలా ఏళ్లు మిల్లు షెడ్డులో ఊక బస్తాల మధ్యే ఉండిపోయింది. పోయినేడు నల్లగొండకు తెచ్చుకుని ఇంజన్, బ్రేకులు, వైరింగు అన్నీ చేయించాను. ఇప్పుడు ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతోంది. పెద్దమ్మ ఆ చప్పుడు విని బయటికొచ్చి చూస్తుంది. అందుకే ఈ బండి విషయంలో ఏదీ తప్పు జరగకూడదని నా తపన.

ఇక టైర్ల సంగతి. పాత 5.60-15 నైలాన్ టైర్లు పక్కలంతా పగుళ్లు పట్టాయి, మార్చక తప్పదు. ఎలాగూ మారుస్తున్నాను కాబట్టి వెనుక వెడల్పువి వేద్దామని ఉంది. ఒరిజినల్ రిమ్ము 4 అంగుళాలే. వెనక నుంచి చూస్తే టైర్లు మరీ సన్నగా, మడ్‌గార్డుల లోపలికి పోయి కనిపిస్తాయి.

నకిరేకల్‌లో ఒక ఫ్రెండ్ దగ్గర జీపు నుంచి తీసిన 15 x 7 అంగుళాల డిస్కులు (టైరు ఎక్కించే ఇనుప చక్రాలు), వాటి మీద 235/75 ఆర్15 టైర్లు ఉన్నాయి. టైర్లు దాదాపు కొత్తవే. జీపు బోల్టులు 139.7 మి.మీ. వృత్తం మీద, మనవి 205 మీద. రెండూ ఐదేసి బోల్టులే అయినా కూర్చోవు. లేత్ షాపాయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, 30 మి.మీ. అల్యూమినియం అడాప్టర్ ప్లేట్లు తయారుచేసి డిస్కుకూ బ్రేకు డ్రమ్ముకూ మధ్యలో పెట్టడం. రెండు, జీపు డిస్కు మధ్యభాగం కోసేసి బీటిల్ డిస్కు మధ్యభాగం వెల్డింగ్ చేయడం. ఏది చేసినా వెనుక మడ్‌గార్డుల అంచు కొంచెం కోయాలంటున్నాడు.

వానలు పడ్డాక డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లాలని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. ఆ ఘాట్ రోడ్డు తలచుకుంటే కొంచెం టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జీపు అన్న, సూర్యాపేట:

నా జీపుకు అడాప్టర్ ప్లేట్లు వేసి చాలా కాలమైంది. ఖమ్మం రోడ్డు, పొలం బాట, అన్నీ తిరిగాను, ఏమీ కాలేదు. అల్యూమినియం మంచి గ్రేడ్ తీసుకో. ప్లేటు హబ్బు మీద సందు లేకుండా బిగువుగా కూర్చోవాలి, బరువంతా బోల్టుల మీద పడకూడదు. ఆ రెండూ చూసుకుంటే భయం లేదు. 235 టైరు వేస్తే బండి చూపే మారిపోతుంది.

పాలమూరు లింక్‌పిన్, మహబూబ్‌నగర్:

తమ్మీ, ఆ టైర్లు మీ ఫ్రెండ్‌కు తిరిగి ఇచ్చెయ్యి. ఎందుకో వివరంగా చెప్తా, కొంచెం ఓపికగా చదువు. నాది 1964 బండి. జడ్చర్ల, దేవరకద్ర, భూత్పూర్, ఈ చుట్టుపక్కల ఎండలోనే నా బండి బతికింది.

అందరూ టైరు వెడల్పు గురించి మాట్లాడతారు. బీటిల్‌లో ముందు చూడాల్సింది ఎత్తు. లెక్క సులువే. రేడియల్‌లో (ఇప్పటి కార్లకు వచ్చే టైరు రకం) మన ఒరిజినల్‌కు దగ్గరి సైజు 165/80 ఆర్15. 165 అంటే టైరు వెడల్పు మి.మీ.లో, అందులో 80 శాతం టైరు పక్కగోడ ఎత్తు, అంటే 132, రెండు వైపులా 264, రిమ్ము 381, మొత్తం 645 మి.మీ. నువ్వు చెప్పే 235/75 ఎత్తు 733. అంటే దాదాపు 14 శాతం పెద్ద చక్రం. నీ బండి టాప్ గేరు నిష్పత్తి 0.89, డిఫరెన్షియల్ నిష్పత్తి 4.375 అయితే 80 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ ఇప్పుడు సుమారు 2,560 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఆ టైరుతో 2,250కి పడిపోతుంది.

తక్కువ తిరిగితే మంచిదే కదా, పెట్రోలు మిగులుతుంది కదా అనిపిస్తుంది. నీళ్లతో చల్లబడే ఇంజన్‌కు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. మనది గాలితో చల్లబడే ఇంజన్. ఫ్యాను డైనమో షాఫ్టు మీద ఉంటుంది, డైనమోను క్రాంకు పుల్లీ బెల్టుతో తిప్పుతుంది. ఇంజన్ ఎంత తిరిగితే గాలి అంత. వేడెక్కిందని ఫ్యాను తనంతట తాను ఎక్కువ తిరగదు. పైగా ఉన్నదే 34 హార్స్ పవర్, అదీ 3,600 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది. 14 శాతం పెద్ద చక్రాన్ని లాగాలంటే యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాలి. అంటే లోపల మంట ఎక్కువ, మీద గాలి తక్కువ. మే నెలలో నార్కట్‌పల్లి దాటి ఆ ఎండలో పోతూ నలుగురిని ఎక్కించుకుని చిన్న ఎత్తు ఎక్కినా ఇంజన్ దడదడలాడుతుంది, నువ్వు గేరు దించాల్సి వస్తుంది. దించకుండా లాగావా, హెడ్డు కాలుతుంది.

మన పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే, మూడో సిలిండర్‌కు పోయే గాలికి అడ్డంగా నిలబడి ఉంటుంది. కాబట్టి మూడో సిలిండర్ ఎప్పుడూ మిగతావాటికంటే వేడి. మొత్తం పట్టేది రెండున్నర లీటర్ల ఆయిలు. ఆయిల్ ఫిల్టర్ లేదు, జల్లెడ ఒక్కటే. ఈ ఇంజన్‌కు వేడి విషయంలో మిగులు అనేది లేదు. చక్రం సైజు మారిస్తే దాని ఊపిరి మీద చెయ్యి వేసినట్టే.

స్పీడోమీటర్ కేబుల్ వచ్చేది ముందు చక్రం నుంచి. వెనుక ఎంత పెద్ద టైరు వేసినా ముల్లు సరైన వేగమే చూపిస్తుంది కాబట్టి ఇంజన్ ఎంత తక్కువ తిరుగుతోందో నీకు తెలియను కూడా తెలియదు. దానికి మన డ్యాష్‌బోర్డులో మీటరు లేదు కదా.

ఇక రెండో సంగతి ఇంకా ముఖ్యం. 62 బండికి వెనుక ఉండేది స్వింగ్ యాక్సిల్. గేర్‌బాక్సుకు రెండు పక్కలా రెండు గొట్టాలు, ఒక్కోటి గేర్‌బాక్సు దగ్గర మాత్రమే మడుస్తుంది. చక్రం దగ్గర మడత లేదు. అందుకే చక్రం పైకీ కిందికీ పోయినప్పుడల్లా అది నిటారుగా ఉండదు, వాలుతుంది. మలుపులో వేగంగా తిరిగావనుకో, బరువంతా బయటి వెనుక టైరు మీద పడుతుంది. టైరు రోడ్డును పట్టుకుని లోపలికి నెడుతుంది. ఆ నెట్టుడుకు యాక్సిల్ గొట్టం బండి వెనుక భాగాన్ని పైకి లేపుతుంది. లేచినకొద్దీ టైరు అడుగు లోపలికి మడుస్తుంది, మడిచినకొద్దీ బండి ఇంకా లేస్తుంది. ఆ తర్వాత వెనుక భాగం ఒక్కసారిగా బయటికి ఊడిపోతుంది, లేదంటే బండే తిరగబడుతుంది.

పాత సన్న నైలాన్ టైరు అంతదాకా రానివ్వదు, ముందే కీచుమని జారుతుంది. ఆ చప్పుడుకే మనం కాలు తీసేస్తాం. వెడల్పు రేడియల్ టైరు జారదు, గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టే బండిని ఎత్తేది. కాబట్టి ఈ బండికి పట్టు పెంచడం అంటే భద్రత పెంచడం అని అనుకోవద్దు. దానికి తోడు ఎత్తు టైరు బండిని మొత్తంగా పైకి లేపుతుంది. శ్రీశైలం రోడ్డులో దోమలపెంట దాటి ఈగలపెంట నుంచి డ్యాము వైపు దిగేటప్పుడు వచ్చే మలుపులు నువ్వు చూసే ఉంటావు. వెనుక సీట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని అక్కడ దిగే బండి అది.

కంపెనీవాళ్లకు కూడా ఇది తెలుసు. 1967 మోడల్‌లో వెనుక ఒక ఈక్వలైజర్ రాడ్ పెట్టారు. తర్వాత 1968లో ఆటోమేటిక్ స్టిక్‌షిఫ్ట్ (క్లచ్ పెడల్ లేని) బండ్లకు, 1969 నుంచి అమెరికా బండ్లకు రెండు చోట్లా మడిచే యాక్సిల్ ఇచ్చారు. జీపు అన్న చెప్పినది ఆయన బండికి నిజమే. జీపుకు వెనుక ఉండేది ఒకే గట్టి యాక్సిల్, పట్టీల మీద. చక్రాలు రెండూ ఎప్పుడూ నిటారే. అక్కడ నడిచినది ఇక్కడ నడవదు.

వెల్డింగ్ అసలే వద్దు. డిస్కు పల్చటి రేకును ప్రెస్సులో ఒత్తి చేసిన వస్తువు, చక్రం తిరిగే ప్రతిసారీ కొంచెం వంగి లేస్తుంది. వెల్డింగ్ వేడికి పక్కన లోహం పెళుసవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది, పెయింటు కింద కనిపించదు. పైగా చేత్తో కలిపిన డిస్కు అడ్డంగా ఊగకుండా తిరగడం కష్టం.

నీకు వెడల్పు కావాలనే కోరికను నేను కాదనను. బండి వెనుక నిండుగా ఉంటే నాకూ ఇష్టమే. దారి చెప్తా. 5 x 205 బోల్టులతోనే 15 x 5.5 స్టీలు డిస్కులు ఇప్పటికీ విదేశాల్లో కొత్తవి తయారవుతున్నాయి. అలాంటివి రెండు తెప్పించు. వాటికి వెనుక 195/65 ఆర్15 వెయ్యి. ఈ సైజు మన దగ్గర ఏ పెద్ద టైర్ల షాపులోనైనా దొరుకుతుంది. ఎత్తు 634 మి.మీ., ఒరిజినల్ కంటే సుమారు 10 మి.మీ. తక్కువ. ఇంజన్ ఇంకో పిసరు ఎక్కువ తిరుగుతుంది, గాలి తగ్గదు. ముందు నీ 4 అంగుళాల డిస్కులే ఉంచి 165/80 ఆర్15 వెయ్యి. నాలుగూ రేడియలే ఉండాలి. ముందు ఒక రకం, వెనుక ఒక రకం కలపొద్దు.

జర్మనీలో 1973లో వచ్చిన పసుపు, నలుపు రంగుల 1303 ఎస్ స్పెషల్ బండికి కంపెనీయే ఇచ్చిన రిమ్ము 5.5 అంగుళాలు. 1600 సీసీ ఇంజన్‌కు, రెండు చోట్లా మడిచే యాక్సిల్‌కు వాళ్లు అంతకు మించలేదు. 1200కు అంతకంటే వెడల్పు రిమ్ము ఎందుకు?

పానగల్ బీటిల్, నల్లగొండ:

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఎత్తు సంగతి నా బుర్రలోకే రాలేదు. మా ఇంట్లో కూడా చదివి వినిపించాను, 235 మాట అక్కడితో ఆగిపోయింది.

కొన్ని డౌట్లు ఉన్నాయి. 195 వేస్తే లోపల యాక్సిల్ పట్టీకి గానీ, బయట మడ్‌గార్డుకు గానీ తగులుతుందేమో ముందే ఎలా తెలుసుకోవాలి? డిస్కులు తెప్పించాక తగిలితే డబ్బు వృథా. ట్యూబ్‌లెస్ టైరుకు ట్యూబు వేయాలా? ఇంకోటి, వెనుక బండి కొంచెం దించితే మలుపుల్లో మంచిదని ఎవరో అన్నారు, నిజమేనా?

పాలమూరు లింక్‌పిన్, మహబూబ్‌నగర్:

తగులుడు సంగతి లెక్కతోనే సగం తేలుతుంది. 165 నుంచి 195కు పోతే టైరు 30 మి.మీ. వెడల్పు పెరుగుతుంది. డిస్కు మధ్య గీత మారకపోతే లోపలికి 15, బయటికి 15. ముందు పాత డిస్కుల మీదే 165లు వేయించి, టైరుకూ లోపలి స్ప్రింగ్ ప్లేటుకూ (నువ్వన్న యాక్సిల్ పట్టీ) మధ్య, టైరుకూ మడ్‌గార్డు అంచుకూ మధ్య ఎంత సందు ఉందో కొలువు. బండి నేల మీద ఉన్నప్పుడు ఒకసారి, జాకీ పెట్టి చక్రం వేలాడేటప్పుడు ఒకసారి, వెనుక సీట్లో ముగ్గురు బరువైనవాళ్లను కూర్చోబెట్టి ఒకసారి. స్వింగ్ యాక్సిల్‌లో చక్రం వాలుతుంది కదా, మూడు చోట్లా సందు వేరువేరుగా వస్తుంది. అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతే నీకు అసలు కొలత. అందులోంచి 15 తీసేస్తే ఒక వేలు దూరేంత మిగలాలి.

డిస్కు ఆర్డర్ పెట్టేటప్పుడు ఆఫ్‌సెట్ అడుగు. 5.5 అంగుళాలు అని ఒక్క ముక్క చెప్తే సరిపోదు. ఆఫ్‌సెట్ అంటే డిస్కు హబ్బుకు ఆనే ముఖం, రిమ్ము నడిగీత నుంచి ఎంత దూరంలో ఉందన్న కొలత. అది తక్కువయితే చక్రమంతా బయటికి వస్తుంది, ఎక్కువయితే లోపలికి పోతుంది. నీ పాత డిస్కును నేల మీద పెట్టి, పైన అడ్డంగా ఒక పట్టీ పెట్టి ఈ కొలత నువ్వే తీసుకోవచ్చు.

పాత రిమ్ములో టైరు అంచు జారకుండా ఆపే గట్టు ఉండదు. దాని మీద ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబు వేయాల్సిందే. ట్యూబు రేడియల్‌కు సరిపడేది అడుగు. టైరు లోపల సైజు స్టిక్కర్ అంటించి ఉంటే గీకి తీసెయ్యమను, లేకపోతే ట్యూబును కోస్తుంది.

దించడం గురించి నువ్వు విన్నది నిజమే. వెనుక కొంచెం దిగితే చక్రాల పైభాగాలు లోపలికి వాలుతాయి, అప్పుడు మలుపులో టైరు అడుగు మడిచే దశకు చేరడానికి చాలా దూరం పోవాలి. అయితే అది టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) పళ్లు మార్చి చేసే పని. లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44. లోపల ఒక పన్ను ఒక దిక్కు, బయట ఒక పన్ను ఎదురు దిక్కు తిప్పితే ఒక డిగ్రీ కూడా కాదు, 50 నిమిషాల కోణమే మారుతుంది. అంత సన్నగా సర్దుకోవచ్చు. స్ప్రింగ్ ప్లేటు బిగువు మీద ఉంటుంది, విప్పేటప్పుడు ఎగిరి తగిలితే కాలు విరుగుతుంది. బీటిల్ చేసిన మేస్త్రీ దగ్గరే చేయించు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, వరి నాట్ల కాలంలో ట్రాక్టర్ల కేజ్ వీల్స్ తవ్విన గుంతలు ఉంటాయి కాబట్టి ఎక్కువ దించొద్దు.

కాగితాల బాబాయ్, దేవరకొండ:

బాబూ, ఇంకో మాట కూడా విను. మడ్‌గార్డులు మాత్రం కోయించకు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. దాని మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది.

రెండోది, 2021 జులైలో వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. నంబర్ ప్లేట్లో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, 10 ఏళ్లు చెల్లుతుంది. రెన్యువల్ 5 వేలు. మీ పెదనాన్న బండి వయసుకు అర్హత ఉంది. అయితే ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే బండిని రోజూ వాడటానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మెయింటెనెన్సు, పెట్రోలు లాంటి వాటికే. కుటుంబంతో శ్రీశైలం పోవాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉండు. రేపు మనసు మారి వింటేజ్‌కు వెళ్లాలనుకున్నా తలుపు మూసుకుపోకూడదు. చక్రాలు విప్పి పాతవి బిగించొచ్చు. కోసిన రేకు మళ్లీ రాదు.

పాలమూరు లింక్‌పిన్, మహబూబ్‌నగర్:

బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. బీటిల్ మడ్‌గార్డు బాడీకి బోల్టులతో బిగించి ఉంటుంది, మధ్యలో రబ్బరు బీడింగు. ఎప్పుడైనా వెడల్పువి కావాలంటే ఫైబర్‌వి తెచ్చి బిగించుకుని, ఒరిజినల్ జత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోవచ్చు. జర్మన్ రేకు మడ్‌గార్డులు ఇప్పుడు కొందామన్నా మంచివి దొరకవు.

జీపు అన్న, సూర్యాపేట:

స్వింగ్ యాక్సిల్ సంగతి నాకు తెలియదు అన్నా, మంచి విషయం చెప్పావు. ఒక్కటి అడుగుతా. అడాప్టర్ వద్దంటే డ్రమ్ముకే కొత్త రంధ్రాలు వేయించుకోవచ్చు కదా? 5 x 205 డిస్కులు బయటి నుంచి రావాలంటే ఖర్చు, ఆలస్యం.

పాలమూరు లింక్‌పిన్, మహబూబ్‌నగర్:

అడాప్టర్ కంటే అదే నయం, ఒప్పుకుంటా. చక్రం బయటికి జరగదు, బేరింగు మీద అదనపు భారం పడదు. డ్రమ్ములు కొత్తవై, మందం బాగుండి, మిల్లింగ్ మిషను మీద కొలత పెట్టి వేస్తేనే. చేతి డ్రిల్లుతో కాదు. ఈ తమ్ముడి డ్రమ్ములు అరవై ఏళ్లవి, ఎన్నిసార్లు టర్నింగ్ చేశారో తెలియదు. వాటి మీద ఇంకో ఐదు రంధ్రాలు వేయమని నేను చెప్పలేను. ఇంకో సంగతి, 205 వృత్తం ఉన్న పాత జర్మన్ బండ్లు ఇవొక్కటే కాదు. పోర్షే 356లో డ్రమ్ము బ్రేకుల మోడళ్లకూ ఇదే వృత్తం, 356 బి డిస్కు 4.5 అంగుళాలది. అందుకే ఈ డిస్కులకు ఇప్పటికీ గిరాకీ ఉంది, తయారీ ఆగలేదు. ఆలస్యమైనా వస్తాయి.

పానగల్ బీటిల్, నల్లగొండ:

అన్నా, నాలుగు చక్రాలకూ పాత డిస్కుల మీదే 165లు వేయించి సందు కొలిచాను. ముగ్గురిని కూర్చోబెట్టినప్పుడు లోపల ఎడమవైపే తక్కువ వచ్చింది, అయినా 15 తీసేస్తే వేలు సులువుగా దూరుతుంది. 15 x 5.5 డిస్కులు ఆర్డర్ పెట్టేశాను, ఆఫ్‌సెట్ రాయించుకుని మరీ. అవి వచ్చేలోపు ఈ 165ల మీదే తిరుగుతాను. గాలి ఎంత పెట్టాలి? మా వీధి పంచర్ షాపులో అన్ని కార్లకూ 35 కొట్టేస్తారు.

పాలమూరు లింక్‌పిన్, మహబూబ్‌నగర్:

35 కొట్టనివ్వకు, పక్కన నిలబడి చూసుకో. బరువు వెనుక ఎక్కువ కాబట్టి ముందూ వెనుకా ఒకే గాలి పెట్టకూడదు. రేడియల్‌కు ముందు 18, వెనుక 27. ముందు 18 అంటే షాపువాడు నమ్మడు, టైరు కూర్చుందంటాడు. అయినా అంతే పెట్టించు. ముందు గాలి పెంచితే వెనుక ముందుగా జారుతుంది. మన బండికి పనికిరానిది అదే. గాలి చల్లటి టైరుకు, పొద్దున్నే చూడాలి.

కొత్త డిస్కులు వచ్చాక బోల్టులు చూసుకో. కొన్నిటికి బోల్టు తల కింద గుండ్రంగా ఉండాలి, కొన్నిటికి కోన్ ఆకారంలో. డిస్కు రంధ్రం ఏ ఆకారమో బోల్టు అదే ఆకారం కావాలి, లేకపోతే ఎంత బిగించినా వదులవుతుంది. నీ బండివి 12 మి.మీ. బోల్టులు, టార్క్ పానాతో 10 కిలోగ్రామ్-మీటర్ల బిగువుకు బిగించు. కొంత దూరం తిరిగాక మళ్లీ ఒకసారి చూడు. చక్రాలు విప్పినప్పుడే వెనుక మధ్యలో ఉండే 36 మి.మీ. నట్టు కూడా చెక్ చేయించు. దాని బిగువు 30 కిలోగ్రామ్-మీటర్లు ఉండాలి. చాలామంది దాన్ని అందాజుగా బిగించేస్తారు, కొన్నాళ్లకు డ్రమ్ము లోపలి పళ్లు అరిగిపోతాయి.

శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. తెల్లవారుజామునే డిండి దాటి గేటు తీసే వేళకు అక్కడుంటే చల్లగా ఉన్నప్పుడే అడవి దాటేస్తావు. దిగేటప్పుడు మొదటి నుంచీ మూడో గేరులో ఉండు. బ్రేకు మీద బతకకు.